తెలివి ఎంత? పెత్తనం ఎంత?

సాగర్ రోడ్డు మీద వెళ్లేవారికి ఇబ్రహీంపట్నం అనగానే జ్ఞాపకం వచ్చేది పెద్ద చెరువు. కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు అది. మన ప్రాంతంలో ఏ పాత చెరువును చూసినా దానికి మూడు భాగాలుంటాయి: కట్ట, తూము, అలుగు. కట్ట సంగతి అలా ఉంచి, తూమునూ అలుగునూ కాస్త పరిశీలించి చూడండి. ఈ రోజుల్లో శాస్త్రజ్ఞులు పెద్ద పెద్ద సభలు పెట్టి చర్చించుకుంటున్న ఒక ప్రశ్నకు మన పెద్దలు ఏనాడో ఇచ్చిన జవాబు ఆ రెండింటిలో కనిపిస్తుంది.

అలుగుకు తెలివి ఏ మాత్రమూ లేదు. అది రాళ్లు పేర్చి కట్టిన గోడ. నీళ్లు ఒక మట్టం దాటగానే దాని మీదుగా పొర్లిపోతాయి. అర్ధరాత్రి కుండపోతగా వాన కురిసినా ఎవరూ లాంతరు పట్టుకుని పరుగెత్తనక్కరలేదు, ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. ఒక్క పని విషయంలో దానికి పూర్తి పెత్తనం ఇచ్చేశారు. కట్ట తెగకుండా కాపాడటమే ఆ పని.

తూము సంగతి అలా కాదు. తూము ఎప్పుడు తెరవాలి, ఎంతసేపు తెరవాలి, ముందు ఎవరి మడికి నీళ్లు పారాలి అన్నవి మట్టాన్ని బట్టి తేలే విషయాలు కావు. ఎవరి వరి పొట్ట మీద ఉంది, ఎవరి నారు ఎండుతోంది, చెరువులో ఇంకా ఎన్ని తడులకు నీళ్లున్నాయి, ఇవన్నీ ఎరిగిన మనిషి కావాలి. అందుకే తూము దగ్గర నీరటికాణ్ణి పెట్టారు. అతనికి తెలివి ఉంది, తూము తెరిచే సత్తువ ఉంది. అయినా అతని పెత్తనానికి హద్దు ఉంది. పెద్ద తగాదా వస్తే ఊరి పెద్దల దగ్గరికి రావలసిందే.

తెలివిలేని అలుగుకు పూర్తి పెత్తనం ఇచ్చి, తెలివిగల నీరటికాడికి హద్దులు పెట్టడం ఏమిటని ఎవరికైనా అనిపించవచ్చు. కాని ఆలోచిస్తే అందులోనే మర్మమంతా ఉంది.

తమంతట తాము పనిచేసే యంత్రాలను తయారుచేసేవారు మూడు సంగతులను విడివిడిగా చూడాలి. మొదటిది తెలివి, అంటే చుట్టూ ఏమి జరుగుతున్నదో గ్రహించి, దానినుండి సరియైన నిర్ణయానికి రావడం. రెండవది సామర్థ్యం, అంటే ఆ పని చేయగల బలం, సాధనాలు. మూడవది పెత్తనం, అంటే మనల్ని అడగకుండా తానే నిర్ణయించి చేసేయడానికి మనమిచ్చే అధికారం. పత్రికల్లో ఈ మూడింటినీ కలిపి 'తెలివైన యంత్రం' అని ఒక్క మాటతో సరిపెడుతున్నారు. చిక్కంతా అక్కడే వస్తున్నది. ఒకటి పెరిగితే మిగిలిన రెండూ వాటంతట అవే పెరగవు. తెలివి పెరిగింది గనుక పెత్తనం ఇచ్చేయవచ్చు అనుకోవడం ఒక పొరపాటు. పెత్తనం ఇచ్చాం గనుక తెలివి ఉన్నట్టే అనుకోవడం అంతకంటె పెద్ద పొరపాటు.

ఆటో స్టార్టర్ నేర్పిన పాఠం

దీనికి అమెరికా వెళ్లి ఉదాహరణ తేనక్కరలేదు. బోరుబావి మీద బ్రతికే ప్రతి రైతు కుటుంబానికీ ఆటో స్టార్టర్ తెలుసు.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. కాని అది రోజుకు కొద్ది గంటలే, అదీ విడతలు విడతలుగా వచ్చేది. ఏ రాత్రి ఒంటిగంటకో మూడు ఫేజుల కరెంటు వస్తే, రైతు నిద్ర లేచి, చేతిలో కట్టె, టార్చిలైటు పట్టుకుని ఒడ్ల వెంట నడిచి వెళ్లి మోటారు వేయాలి. చీకట్లో పాము కరిచి పోయినవారున్నారు. తడి చేతులతో స్టార్టర్ పెట్టె ముట్టుకుని షాకు తగిలి పోయినవారున్నారు. అలా దిక్కు కోల్పోయిన కుటుంబాలు మన సంఘాల్లోనూ ఉన్నాయి. వారి కోసం ప్రార్థించిన కాపరులకు ఆ సంగతి చెప్పనక్కరలేదు.

ఆ కష్టానికి జవాబుగా వచ్చింది ఆటో స్టార్టర్. మూడు ఫేజులూ వచ్చాయా లేదా అని చూస్తుంది. రాగానే మోటారు వేస్తుంది. రైతు ఇంట్లో నిద్రపోవచ్చు. ఎంత మేలు! దానిని తప్పుపట్టేవారు ఆ చీకటి రాత్రులను ఎరుగనివారే.

కాని దాని తెలివి ఎంత? అది ఎరిగింది ఒకే ఒక్క సంగతి, కరెంటు వచ్చిందని. బోరులో నీళ్లున్నాయో లేదో దానికి తెలియదు. మడి నిండి ఒడ్డు తెగి నీళ్లు పక్కవాళ్ల చేలో పడుతున్నాయని తెలియదు. నిన్న వాన పడిందని తెలియదు. నీళ్లు లేని బోరులో మోటారు ఉత్తగా తిరిగి కాలిపోతుంటే ఆపాలనీ తెలియదు. ఇంకొక సంగతి ఉంది. మోటారు తిరగడం మొదలుపెట్టిన క్షణంలో లాక్కునే కరెంటు మామూలుగా నడిచేటప్పటికంటె ఐదారు రెట్లు ఉంటుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నిటికీ ఆటో స్టార్టర్లు ఉంటే, కరెంటు రాగానే అన్నీ ఒక్కసారే లేస్తాయి. పాపం ట్రాన్స్‌ఫార్మర్ ఏమి చేస్తుంది!

ఇన్ని లోపాలున్నా అది చాలా ఏళ్లు పనికివచ్చింది. ఎందుకంటే కరెంటే ఒక హద్దుగా నిలిచింది. సరఫరా ఆగగానే మోటారూ ఆగేది. యంత్రానికి లేని నిగ్రహాన్ని కరెంటు కోత సమకూర్చింది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో సుమారు 23 లక్షల పంపుసెట్లకు 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలయ్యేసరికి ఆ హద్దు కాస్తా తొలగిపోయింది. ఆటో స్టార్టర్ తెలివి పెరగలేదు, తగ్గలేదు. నిన్న ఉన్నట్టే ఉంది. కాని రోజంతా కరెంటు ఉంటే రోజంతా మోటారు నడుస్తుంది, భూగర్భజలం అడుగంటుతుంది. అందుకే అంతకుముందే 2017లో ప్రభుత్వమూ విద్యుత్ సంస్థల సిబ్బందీ ఊరూరా తిరిగి ఆటో స్టార్టర్లు తీసివేయమని రైతులను బ్రతిమాలుకున్నారు. కరెంటు ఎప్పుడూ ఉండేటప్పుడు దాని అవసరమూ తీరిపోయిందని నచ్చజెప్పారు. కొందరు తీశారు, కొందరు తీయలేదు. తీయని వారిని నిందించడమెందుకు? ఈ రోజు ఇచ్చిన కరెంటు రేపు కోయరని నమ్మకమేమిటని వారి అనుమానం.

ఇక్కడ గమనించవలసింది ఏమంటే, యంత్రంలో ఒక్క మేకు కూడా మారలేదు. దాని చుట్టూ ఉన్న పరిస్థితి మారింది. నిన్నటివరకు మేలు చేసిన పెత్తనమే నేడు కీడు చేసింది. అలుగుకు ఇచ్చిన పెత్తనం వందల ఏళ్లయినా చెడకపోవడానికి కారణం దాని పని మారకపోవడమే. నీళ్లు ఎన్ని ఏళ్లు గడిచినా పల్లానికే పారుతాయి గదా.

చూసినా ఆగలేని బండి

ఇప్పుడు కాస్త పెద్ద యంత్రాల సంగతి చూద్దాం. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు యంత్రాలకు మనిషి మాటలు అర్థం చేసుకోవడం నేర్పిన తొలి శాస్త్రజ్ఞులలో ఒకరు. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమానం 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ఆయనకు లభించింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో స్థాపించబడిన రోబోటిక్స్ సంస్థకు ఆయనే మొదటి డైరెక్టరు. ఆ సంస్థ వారే 1995లో పిట్స్‌బర్గ్ నుండి శాన్ డియేగో దాకా, దాదాపు 2,850 మైళ్ల దూరం, ఒక బండిని నడిపించారు. నూటికి తొంభై ఎనిమిది పాళ్లు స్టీరింగు కంప్యూటరే తిప్పింది. అయితే బ్రేకు, యాక్సిలరేటరు మాత్రం మనిషి కాళ్ల కిందనే ఉంచారు. ఎంతమేరకు తెలివి వచ్చిందో అంతమేరకే పెత్తనం ఇచ్చారన్నమాట. ఆ జాగ్రత్త నాకెంతో నచ్చింది.

ఆ జాగ్రత్త లోపించిన సంఘటన 2018 మార్చి 18 రాత్రి అరిజోనా రాష్ట్రంలోని టెంపీ పట్టణంలో జరిగింది. ఊబర్ సంస్థ పరీక్షిస్తున్న స్వయంచాలిత కారు, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక స్త్రీని ఢీకొని చంపింది. కారు ఆమెను చూడలేదా? చూసింది. ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే ఏదో అడ్డుగా ఉన్నదని దాని రాడారు కనిపెట్టినట్టు దర్యాప్తులో తేలింది. బండి అనుకుంది, మరేదో అనుకుంది, సైకిలు అనుకుంది, మనిషి అని మాత్రం అనుకోలేదు. బ్రేకులు లేవా? ఉన్నాయి. ఆ వోల్వో కారుకు కంపెనీ అమర్చిన అత్యవసర బ్రేకు పద్ధతి కూడా ఉంది. కాని కంప్యూటరు నడిపేటప్పుడు దానిని పనిచేయకుండా ఆపి ఉంచారు. ఉత్తుత్తి అనుమానాలకు బండి మాటిమాటికీ ఆగిపోకూడదని గట్టిగా బ్రేకు వేసే అధికారాన్ని యంత్రానికి ఇవ్వకుండా, లోపల కూర్చున్న మనిషికి వదిలారు. ఆ మనిషి ఆ సమయంలో ఫోనులో వీడియో చూస్తున్నది.

తెలివి కొంత ఉంది, సామర్థ్యం ఉంది, ఆగే అధికారం ఒక్కటే లేదు. ఇది చదివినప్పుడు సంఖ్యాకాండము 22వ అధ్యాయములోని బిలాము గాడిద నా మనసుకు వచ్చింది. దారికి అడ్డంగా కత్తి దూసి నిలిచిన దేవదూత ప్రవక్తకు కనబడలేదు, గాడిదకు కనబడ్డాడు. మూడుసార్లు అది తప్పుకుంది, మూడుసార్లు దెబ్బలు తిన్నది. అది ఆగకుండా ముందుకు సాగి ఉంటే బిలాము ప్రాణం దక్కేది కాదని దేవదూత స్వయంగా చెప్పాడు. నడిపేవారికి అడుగడుగునా ఆగే యంత్రం విసుగే, నిజమే. బిలాముకు వచ్చింది కూడా విసుగే.

దీనికి పూర్తిగా ఎదురైన తప్పు విమానాల్లో జరిగింది. మన ఆదిబట్లలో విమానాల, హెలికాప్టర్ల భాగాలు తయారవుతున్నాయి గనుక మన యువకుల్లో కొందరికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. బోయింగ్ 737 మ్యాక్స్ విమానంలో ముక్కును తానే కిందికి వంచే ఒక ఏర్పాటు చేశారు. అది ఒకే ఒక్క పరికరం ఇచ్చే లెక్కను నమ్మింది. ఆ పరికరం తప్పు చెప్పినప్పుడు, పైలట్లు ముక్కు పైకెత్తిన ప్రతిసారీ అది మళ్లీ మళ్లీ కిందికి నెట్టింది. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో రెండు విమానాలు కూలి 346 మంది మరణించారు. ఆ ఏర్పాటు ఒకటి ఉన్నదని మొదట పైలట్లకు ఇచ్చిన పుస్తకాల్లో వివరించనే లేదు. ఆటో స్టార్టరంత తెలివి, విమానమంత పెత్తనం!

ఇక, పెత్తనం ఇవ్వక తప్పని చోటు కూడా ఉంది. శ్రీహరికోట నుండి 2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతాన దిగింది. చివరి పందొమ్మిది నిమిషాలు భూమి మీద ఉన్న శాస్త్రజ్ఞులెవరూ దాని చేయి పట్టి నడిపించలేదు. ఇక్కడి సంకేతం అక్కడికి చేరడానికే సెకనుకు పైగా పడుతుంది, జవాబు రావడానికి మరొక సెకను. పడిపోతున్న నౌకకు అంత వ్యవధి ఎక్కడిది? అంతకుముందు 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 కూడా ఇలాగే స్వంతంగా దిగబోయి నేలకు కొట్టుకుంది. ఇస్రో వారు పెత్తనాన్ని వెనక్కి తీసుకోలేదు, తీసుకోలేరు కూడా. వారు పెంచింది మిగిలిన రెండింటిని. వేగాన్ని కొలిచే కొత్త పరికరం అమర్చారు. ఇంధనం ఎక్కువ పోశారు. కాళ్లు గట్టిపరచారు. దిగవలసిన చోటును అర కిలోమీటరు చదరం నుండి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు విశాలం చేశారు. కాస్త తప్పిపోయినా ప్రాణం దక్కేటట్టు చోటు ఇచ్చారు. పిల్లలను పట్నంలో చదువుకు పంపే తల్లిదండ్రులు ఈ చివరి సంగతి గురించి కాసేపు ఆలోచించవచ్చు.

చేను మీద ఎగిరే యంత్రం

యాచారం, మంచాల వైపు పత్తి చేలలో మందు కొట్టే కూలీలను చూడండి. వీపున పంపు, ముక్కుకు ఒక తువ్వాలు. సాయంత్రానికి కళ్లు మంటలు, తల తిప్పడం, వాంతులు. ఈ కష్టాన్ని డ్రోన్లు తప్పిస్తాయని ఇప్పుడు చెబుతున్నారు. చాలామట్టుకు అది నిజమే. పది లీటర్ల ట్యాంకు మోసే డ్రోను ఎకరం చేనును పది నిమిషాల లోపు పిచికారీ చేస్తుంది. మన జిల్లాలోనే రాజేంద్రనగర్‌లోని ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం డ్రోను నడపడంలో శిక్షణ ఇస్తున్నది. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకాన్ని ఆమోదించింది. ధరలో నూటికి ఎనభై వంతులు, గరిష్ఠంగా ఎనిమిది లక్షల రూపాయలు, ప్రభుత్వమే భరించాలని అందులో నిర్ణయించారు. ఒకప్పుడు మన జిల్లాలోనే ఉండిన వికారాబాద్‌లో 2021 సెప్టెంబరు 11న మందులు, టీకాలు డ్రోన్లతో ఆసుపత్రులకు పంపే ప్రయోగం మొదలుపెట్టారు. అక్కడ డ్రోను నడిపేవాని కంటికి కనబడనంత దూరం కూడా ఎగిరింది.

అదే డ్రోను చేసే పనులు వేరు గనుక పెత్తనమూ వేరు. మందుల పెట్టె మోసేది ఒకచోట లేచి మరొకచోట దిగుతుంది. దారి ముందే గీసి ఉంటుంది. పురుగుమందు చల్లేది మనుషుల నడుమ పనిచేస్తుంది. దానికి హద్దులు తెలుసు, ఎత్తు తెలుసు, బ్యాటరీ తగ్గితే లేచిన చోటికి తిరిగి రావడం తెలుసు. గాలి మళ్లి మందు పక్క చేలో గడ్డి కోస్తున్న అవ్వ మీద పడుతోందని తెలియదు. వాకిట్లో తొట్టి నీళ్లు, పొద్దుతిరుగుడు మీద తేనెటీగలు, చేను చివర చెట్టుకింద ఊయలలో పసిబిడ్డ, ఇవేవీ దాని లెక్కలో లేవు. అందుకే 2021 డ్రోను నియమాల ప్రకారం దానిని నడిపేవారికి పద్దెనిమిదేళ్లు నిండాలి, పదవ తరగతి పాసై ఉండాలి, శిక్షణ పొంది ధ్రువపత్రం తీసుకోవాలి. దారి యంత్రమే పట్టుకుంటుంది కదా, ఇక మనిషెందుకని అడుగుతారు కొందరు. ఆ మనిషి ఉన్నది దారి కోసం కాదు, ఆ అవ్వ కోసం.

మోషే మామ చెప్పిన లెక్క

నిర్గమకాండము 18వ అధ్యాయము చదవండి. మోషే ఉదయం మొదలు సాయంత్రం దాకా కూర్చుని ప్రతి తగాదా తానే తీరుస్తున్నాడు. జనులు నిలబడి నిలబడి అలసిపోతున్నారు. అది చూచిన మామ యిత్రో, ఇట్లయితే నీవూ నలిగిపోతావు, వీళ్లూ నలిగిపోతారు అని చెప్పి ఒక ఏర్పాటు సూచించాడు. అందులో మూడు మెట్లున్నాయి. మొదట సామర్థ్యముగలవారిని వెదకుమన్నాడు. అంతటితో ఆగలేదు. వారు దేవునికి భయపడేవారు, సత్యమందు నిలిచేవారు, లంచమును అసహ్యించుకునేవారు అయి ఉండాలన్నాడు. అప్పుడు గాని అధికారం మాట ఎత్తలేదు. ఆ అధికారమైనా అందరికీ ఒకే తూకం కాదు. పదిమందికి ఒకడు, యాభైమందికి ఒకడు, నూరుమందికి, వెయ్యిమందికి ఒకడు. చిన్న సంగతులు వారే తీర్చాలి, కష్టమైన వ్యాజ్యం మాత్రం మోషే దగ్గరకు తేవాలి.

ఈనాటి యంత్రాల రూపకర్తలు కోట్లు ఖర్చుచేసి సరిగ్గా దీనికోసమే తంటాలు పడుతున్నారు. యంత్రానికి అన్నిటికంటె కష్టమైన పాఠం ఇదే. తగాదా తీర్చడం కొంత నేర్పవచ్చు. ఇది నా వల్ల తేలే తగాదా కాదని గుర్తుపట్టడం నేర్పడమే చాలా కష్టం. ఈ మధ్య ఫోన్లలోకి వచ్చిన, తెలుగులో కూడా అడిగినదానికి జవాబు చెప్పే కంప్యూటర్ల సంగతీ ఇంతే. తెలిసిన సంగతినీ తెలియని సంగతినీ ఒకే ధైర్యంతో చెబుతాయి. పంటకు ఏ మందు ఎంత కలపాలో, బిడ్డకు జ్వరం వస్తే ఏ మాత్ర వేయాలో వాటిని అడిగినప్పుడు వాటి మాట ఒక సలహా. ఆ మాటకు అధికారం ఇచ్చేది వ్యవసాయాధికారి, డాక్టరు, ఆపై మనం.

అదే నిర్గమకాండములో మూడు అధ్యాయాలు దాటితే పొడిచే ఎద్దు చట్టం ఉంది. ఎద్దు మనిషిని పొడిచి చంపితే ఎద్దుకు శిక్ష, యజమాని నిర్దోషి. కాని అది ఇంతకుముందే పొడిచేదని తెలిసి, యజమానికి హెచ్చరిక చేసినా దానిని కట్టివేయకపోతే దోషం యజమానిదే. ఎద్దుకు సొంత బుద్ధి ఉన్నది గదా అనే సాకు అక్కడ చెల్లదు. ఆటో స్టార్టర్‌కైనా, కారుకైనా, డ్రోనుకైనా ఇంతకంటె న్యాయమైన సూత్రం నాకు కనబడలేదు. ఒకసారి జరిగినది ప్రమాదం. తెలిసిన తరువాత కూడా పగ్గం వేయకపోతే అది మన లెక్కలో పడుతుంది.

ఇప్పుడు చాలామంది రైతులు ఆటో స్టార్టర్ బదులు మొబైల్ స్టార్టర్ బిగించుకుంటున్నారు. ఫోను చేస్తే మోటారు వేస్తుంది, ఫోను చేస్తే ఆపుతుంది, కరెంటు పోతే తిరిగి మనకే కబురు పంపుతుంది. నీళ్లు అయిపోతే తానే ఆగే ఏర్పాటు కూడా మంచి రకాల్లో ఉంటుంది. కొనేటప్పుడు ఆ సంగతి తప్పక అడగండి. వేయడం మన చేతిలో, ఆపత్సమయంలో ఆపడం దాని చేతిలో ఉంటుంది. పాత ఆటో స్టార్టర్‌కు ఇది సరిగ్గా తలకిందులు.

అయితే మొబైల్ స్టార్టర్ అందరి మాటా వినదు, అందులో ఎక్కించిన నంబర్ల మాటే వింటుంది. చాలా ఇళ్లలో ఆ నంబరు ఇంటి యజమానిది. అతడేమో పొద్దున్నే హైదరాబాదు పనికి బస్సెక్కుతాడు. చేను దగ్గర ఉండేది భార్య. బోరు ఆగినా, పైపు పగిలినా, మడి నిండినా ముందు చూసేది ఆమెనే. మోటారు ఆపడానికి మాత్రం ఆమె భర్తకు ఫోను చేయాలి, ఆయన పని మధ్యలో ఫోను ఎత్తాలి, ఆయన స్టార్టర్‌కు ఫోను చేయాలి. చాలా స్టార్టర్లలో ఒకటికంటె ఎక్కువ నంబర్లు ఎక్కించవచ్చు. బిగించిన మెకానిక్‌ను పిలిచి అడిగితే ఐదు నిమిషాల పని.